రక్తహీనత: నిదానమే ప్రధానం

గత మాఘమాసంలో మన ఆలయ ప్రాంగణంలో రక్తదాన శిబిరం జరిగింది. పారాయణ ముగించుకొని నేను మండపంలో కూర్చుని ఉండగా, కొత్తపేట వైపు నుంచి వచ్చిన ఒక భక్తుడు చిన్నబోయిన ముఖంతో నా దగ్గరకు వచ్చారు. వయస్సు యాభై రెండు. కొబ్బరితోటలు చూసుకొనే రైతు. ఏటా స్వామి సన్నిధిలో రక్తం ఇవ్వడం ఆయన మొక్కు. ఈసారి వేలికొన సూదితో గుచ్చి చూసి, హిమోగ్లోబిన్ 10.2 మాత్రమే ఉన్నదని చెప్పి వెనుకకు పంపారట. రక్తదాతకు కనీసం 12.5 ఉండాలన్నది మన దేశంలోని నియమం.

“గురువుగారూ, స్వామి నా సేవ వద్దన్నట్టున్నారు. దానిమ్మరసం, ఖర్జూరాలు పుచ్చుకొని రెండు నెలల్లో బాగుపడతాను లెండి,” అన్నారు.

“నాయనా, స్వామి వద్దనలేదు, నీకొక కబురు పంపారు. రక్తం ఎలా పెంచుకోవాలన్నది రెండో ప్రశ్న. ఎందుకు తగ్గిందన్నది మొదటి ప్రశ్న. మొదటిది విడిచిపెట్టి రెండోదానికి పోవద్దు,” అన్నాను.

ఆనాడు ఆయనకు చెప్పిన దానినే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. సంస్కృతం చదువుకొని, చదువు చెప్పుకొని విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అయినా ఈ విషయంలో మా ఇంట జరిగిన ఒక నష్టం నా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

ఒకే మాట, రెండు అర్థాలు

‘నిదానమే ప్రధానం’ అని మన పెద్దలు అంటూ ఉంటారు. తెలుగులో నిదానం అంటే తొందరపడకపోవడం. సంస్కృతంలో నిదానం అంటే మూలకారణం. వైద్యశాస్త్రంలో ఈ రెండో అర్థమే గ్రాహ్యం. రోగాన్ని తెలుసుకొనే సాధనాలు అయిదని ఆయుర్వేదం చెబుతుంది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. ఈ అయిదింటిలో మొదట నిలబెట్టింది నిదానాన్నే. మాధవకరుడు తన గ్రంథానికి రుగ్వినిశ్చయం అని పేరు పెట్టుకున్నా, లోకం దానిని మాధవనిదానం అనే పిలుస్తున్నది. ఆ గ్రంథంలో ప్రతిపాదించినది రోగనిర్ణయం; చికిత్స కోసం వేరే గ్రంథాలు చూసుకోవలసిందే. రోగాన్ని నిర్ణయించడమే ఒక సంపూర్ణ శాస్త్రమని దీనివల్ల తెలుస్తున్నది.

నేడు రక్తహీనత అంటున్నదానికి ప్రాచీనులు చెప్పిన పాండురోగం చాలావరకు సరిపోతుంది. చరకసంహిత చికిత్సాస్థానంలో పదహారవ అధ్యాయం దీనిదే. చరకుడు పాండురోగాన్ని అయిదు విధాలుగా విభజించాడు: వాతజం, పిత్తజం, కఫజం, సన్నిపాతజం, మృద్భక్షణజం. పాలిపోవడం అన్నింటా ఉన్నదే. కాని ఆ మహర్షి పాలిపోవడాన్ని ఒక్క రోగంగా లెక్కించక, దాని వెనుక ఉన్న కారణాన్ని బట్టి లెక్కించాడు. లోహంతో, మండూరంతో చేసే ఔషధాలు కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నాయి. అంటే రక్తానికీ ఇనుముకూ గల సంబంధం మనవారికి తెలియనిది కాదు. తెలిసి ఉండి కూడా, అందరికీ ఒకే మందు అనలేదు.

ఆధునిక వైద్యులు చెప్పేదీ ఇదే. రక్తహీనత తనకు తాను వ్యాధి కాదు, వ్యాధికి లక్షణం. జ్వరం వచ్చినప్పుడు ఏ జ్వరమని అడుగుతాం కదా! రక్తం తగ్గినప్పుడు మాత్రం అలా అడగం. ఒక సీసా టానిక్కు కొనుక్కొని ఇంటికి పోతాం.

రక్తపు జమాఖర్చు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, వయోజనులైన పురుషులకు డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 13 గ్రాములకు, స్త్రీలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. గర్భవతులకు ఈ హద్దు 11, నడిమి మూడు నెలల్లో 10.5. మన దేశంలో 2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇంతమందికి ఉన్నది కనుక ఇది సహజమే అనుకోవడం పొరపాటు. పదిమందికి ఉన్నంత మాత్రాన రోగం ఆరోగ్యం కాదు.

హిమోగ్లోబిన్ పని ప్రాణవాయువును మోయడం. మోసేవారు తగ్గితే ఉన్నవారే ఎక్కువసార్లు తిరగాలి. అందుకే గుండె వేగంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, తలనొప్పి, కాళ్ళలో నీరు, పారాయణలో మనస్సు నిలవకపోవడం, చిన్న పనికే విసుగు, ఇవన్నీ దాని ఫలితాలే. గుండెజబ్బు ముందే ఉన్నవారికి ఛాతీనొప్పి రావచ్చు. వృద్ధులు తూలిపడతారు. గర్భిణికి ప్రసవ సమయంలో పోయే కొద్ది రక్తమే ప్రాణాంతకం కావచ్చు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. రక్తం మెల్లమెల్లగా తగ్గితే శరీరం దానికి అలవాటు పడుతూ పోతుంది. ఎనిమిదికో ఏడుకో దిగేవరకు మనిషి తిరుగుతూనే ఉంటాడు. “వయస్సు మీద పడుతోంది” అని తనకు తానే సమాధానం చెప్పుకుంటాడు. వార్ధక్యంలో రక్తం కొంత తగ్గవచ్చుగాని, వార్ధక్యం ఒక్కటే దానికి చాలినంత కారణం కాదు.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. దేవస్థానంలో జమాఖర్చుల పుస్తకం ఉన్నట్టే శరీరంలో ఇనుముకు ఒక పుస్తకం ఉన్నది. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. అది నశించినప్పుడు దానిలోని ఇనుమును శరీరం పారవేయదు. రోజుకు సుమారు 20 మిల్లీగ్రాముల పాత ఇనుమును తిరిగి మూలుగకు చేర్చి కొత్త కణాలు చేయించుకుంటుంది. ఆహారం నుంచి కొత్తగా ఒంటబట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఖర్చు కూడా అంతే కనుక ఖాతా సరిపోతుంది. కాని ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. కడుపులో ఎక్కడో రోజుకు ఒక చెంచా, అంటే అయిదు మిల్లీలీటర్ల రక్తం కారుతున్నదనుకోండి. రెండున్నర మిల్లీగ్రాములు పోయినట్టే. జమ కంటే ఖర్చు ఎక్కువ. ఆ చెంచాడు రక్తం మలంలో కలిసిపోతే కంటికి కనపడదు. నొప్పి ఉండదు. నిల్వలు కరిగిపోతాయి, ఆ తరువాత మనిషి పాలిపోతాడు.

ఖజానాకు చిల్లు పడితే హుండీలో ఎంత వేసినా నిలవదు. చిల్లు ఎక్కడో చూడాలి.

మా అన్నగారి సంగతి

మా అన్నగారు రాజోలు సమీపాన మా స్వగ్రామంలో ఉండేవారు. నిత్యాగ్నిహోత్రి. నాకు తండ్రివంటివారు. 1996లో, ఆయనకు యాభై ఎనిమిదేళ్ల వయస్సులో, సంధ్యావందనానికి కాలువ రేవు దిగి పైకి రావడానికి ఆయాసపడడం మొదలుపెట్టారు. పరీక్ష చేయిస్తే రక్తం ఎనిమిది. “ఏకాదశులూ ఉపవాసాలూ ఎక్కువయ్యాయి, అందుకే” అని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. అమలాపురంలో ఐరన్ టానిక్కు కొని స్వయంగా తీసుకువెళ్ళి ఇచ్చినది నేనే. మూడు నెలల్లో పదిన్నర అయింది. ముఖానికి తేట వచ్చింది. ఆ శరన్నవరాత్రులలో తొమ్మిది రోజులూ సప్తశతి పారాయణ చేశారు. మేమంతా సంతోషించాం.

మరుసటి వేసవికి మళ్ళీ ఆయాసం. మళ్ళీ టానిక్కు. ఈసారి బరువు కూడా తగ్గుతూ వచ్చారు. మలం నల్లగా ఉంటున్నదని ఆయన చెబితే, ఐరన్ మందుకు అలాగే ఉంటుందిలే అన్నాను. అది నిజమే, ఐరన్ మందు మలాన్ని నలుపు చేస్తుంది. ఆ నిజమే మా కళ్ళు కప్పింది. చివరకు కాకినాడ తీసుకువెళితే పెద్దపేగులో కుడివైపున కంతి ఉన్నదనీ, అప్పటికే కాలేయానికి పాకిందనీ చెప్పారు. ఆ మార్గశిరంలో ఆయన వెళ్ళిపోయారు.

అక్కడి వైద్యుడు నన్ను నిందించలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగారు: “మగవారికి, ఆ వయస్సులో, ఇనుము ఎక్కడికి పోతున్నదని ఎవరూ అనుకోలేదా?” నేను శిష్యులకు హేతువు, హేత్వాభాసం అని తర్కం చెప్పినవాణ్ణి. ఇంట్లో హేత్వాభాసాన్ని హేతువని నమ్మినవాణ్ణి. ఉపవాసం వల్ల రక్తం తగ్గిందన్న మాటలో ఎంత నిజం ఉన్నదో నేను పరీక్షించలేదు. మందు పనిచేసింది కనుక కారణం తెలిసినట్టే అనుకున్నాను.

పురుషులలోను, ముట్లుడిగిన స్త్రీలలోను ఇనుము లోపం కనిపిస్తే జీర్ణాశయాన్ని, పేగులను చూడనిదే వైద్యులు విడిచిపెట్టకూడదన్నది నేటి వైద్యంలో స్థిరపడిన నియమం. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అనేవి అందుకే. కంతి తొలిదశలో దొరికితే తొలగించవచ్చు. ఆ దశలో దాని ఏకైక సూచన ఒక్కొక్కసారి రక్తహీనతే.

పాలిపోవడం ఒకటే, కారణాలు పలు

మన సీమకు తగిన కారణాలను కొన్ని చెబుతాను.

మొదటిది కొంకిపురుగు. తడినేల, కొబ్బరిచెట్ల నీడ, బహిరంగ మలవిసర్జన, ఈ మూడూ కలిసిన చోట ఇది వృద్ధి పొందుతుంది. దాని పిల్లపురుగులు ఉత్తకాళ్ళ చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోయి, ఊపిరితిత్తుల మీదుగా పేగులకు చేరి రక్తం పీలుస్తాయి. ఒక్కొక్క పురుగు పీల్చేది అత్యల్పం. వందలు చేరితే పైన చెప్పిన చెంచా లెక్క వస్తుంది. 1920లలోనే మదరాసు రాష్ట్రంలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో దీనిపై నివారణ కార్యక్రమం నడిచింది. మరుగుదొడ్లు, పాదరక్షలు వచ్చాక ఇది తగ్గినా, తోటపని చేసేవారు మరచిపోరాదు. చెప్పులు విడవవలసినది గుడి వాకిట, తోటలో కాదు. పురుగు ఉన్నవారికి ఆల్బెండజోల్ వేయకుండా ఎంత ఇనుము ఇచ్చినా అది పురుగుకు పెట్టిన నైవేద్యమే.

రెండవది స్త్రీలు చెప్పుకోని బాధ. నెలసరిలో అధికంగా రక్తం పోవడం, గర్భాశయంలో గడ్డలు, వెంటవెంటనే కాన్పులు. మన ఇళ్ళలో ఈ మాట పెదవి దాటదు. అత్తగారూ అడగరు, కోడలూ చెప్పదు. కొందరికి పచ్చిబియ్యం, బలపం, సుద్ద, మట్టి తినాలన్న కోరిక పుడుతుంది. చరకుడు మట్టి తినడాన్ని పాండురోగానికి కారణమన్నాడు. అది ఇనుము లోపానికి ఫలితంగా కూడా కలుగుతుందని ఇప్పటి వైద్యులు అంటారు. రెండింటికీ వైరం లేదు. లోపం వల్ల కోరిక పుడుతుంది. తిన్న మట్టి ఇనుమును ఒంటబట్టనివ్వక లోపాన్ని పెంచుతుంది. బలపం తినే కోడలిని కసరకండి, రక్తపరీక్షకు తీసుకువెళ్ళండి.

మూడవది ఇనుముతో సంబంధం లేని రక్తహీనత. ఇక్కడ మన గోదావరి సీమవారు గర్వంగా తలచుకోవలసిన పేరొకటి ఉన్నది. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. పోషకాలను ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి ఆయన సోదరులిద్దరు బలి అయ్యారు. ఆ వ్యాధి ఆయనకూ సోకితే మదరాసులో ఆచంట లక్ష్మీపతిగారు ఆయుర్వేద చికిత్సతో కాపాడారు. తరువాత ఆయన అమెరికా వెళ్ళారు. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అంతకు ముందే, 1930 ప్రాంతంలో, బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతున్నదని చూపింది. ఆ సారంలో పనిచేసినది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఇందులో మనకు కావలసిన పాఠం వేరొకటి ఉన్నది. ఫోలిక్ ఆమ్లం వచ్చిన కొత్తలో, బి 12 లోపం వల్ల రక్తం తగ్గినవారికి కూడా దానిని ఇచ్చారు. రక్తం పెరిగింది. కాని నరాల క్షీణత ఆగలేదు, కొందరిలో ముదిరింది. పరీక్ష కాగితం మీద అంకె బాగుపడింది, రోగి కాళ్ళు పట్టు తప్పాయి. 1948లో బి 12ను వేరుచేసిన తరువాత గాని ఆ చిక్కు పూర్తిగా విడలేదు. అంత గొప్ప ఔషధం కూడా కారణం తెలియకుండా ఇస్తే రోగాన్ని దాచిపెడుతుందన్నమాట.

ఇది శాకాహారులమైన మనకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. బి 12 కూరగాయలలో లేదు. పాలు, పెరుగులలో కొంత ఉన్నది. వృద్ధాప్యంలో జీర్ణాశయం దానిని సరిగా గ్రహించదు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, పుల్లత్రేనుపులకు ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో కూడా తగ్గవచ్చు. అరికాళ్ళలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు దాని గుర్తులు. ఆలస్యమైతే నరాలకు కలిగిన నష్టం మిగిలిపోతుంది.

ఇవిగాక మూత్రపిండాల వ్యాధి, థైరాయిడ్ లోపం, దీర్ఘకాలపు వాపులు, మూలుగ జబ్బులు ఉన్నాయి. తలసీమియా, సికిల్ సెల్ వంటి పుట్టుకతో వచ్చే రక్తహీనతలూ ఉన్నాయి. ఇవి ఉన్నవారు వైద్యుడు చెప్పకుండా ఇనుము తింటే శరీరంలో అది పేరుకొని కీడు చేయవచ్చు. లోహభస్మాలు, మండూరం విషయంలోనూ ఇదే మాట. వైద్యుని చేతిలో అవి ఔషధాలు; మన చేతికి వచ్చినట్టు వాడుకోవలసినవి కావు.

నా అనుభవం

మూడేళ్ల క్రితం నాకూ ఆయాసం వచ్చింది. గోపురం దగ్గర ఆరు మెట్లెక్కి నిలబడిపోయాను. రక్తం 8.4. అన్నగారు గుర్తుకు వచ్చారు. టానిక్కు కొనలేదు, వైద్యుని వద్దకు వెళ్ళి, “నాకు మందు తరువాత, కారణం ముందు చెప్పండి,” అన్నాను. ఆయన నవ్వి, ఏమేమి మాత్రలు వేసుకుంటున్నానో అడిగారు. గంటల తరబడి పద్మాసనంలో కూర్చొని మోకాళ్ళు పట్టేసి, సంవత్సరంపాటు దుకాణంలో అడిగి కొన్న నొప్పిమాత్రలు మింగాను. వాటిని నేను మందులలో లెక్కించనేలేదు. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనిపించింది. దానిని పెంచే హెలికోబాక్టర్ అనే క్రిమి కూడా ఉన్నది. నొప్పిమాత్రలు ఆపి, పుండుకు మందిచ్చి, ఆ తరువాతే ఇనుము ఇచ్చారు. నాలుగు నెలల్లో 13.1 అయింది. అన్నగారికీ నాకూ కనిపించిన లక్షణం ఒకటే. ఆయనది ఒక కారణం, నాది మరొకటి. నేను బతికి ఉండడానికి నా పుణ్యం కంటే ఆయన నేర్పిన పాఠమే హేతువనుకుంటాను.

వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు

పరీక్షలు అనగానే భయపడనక్కరలేదు. మొదట సీబీసీ అనే రక్తపరీక్ష. అందులో ఎర్రకణాల పరిమాణం తెలుస్తుంది. కణం చిన్నదైతే ఇనుము లోపం వైపు, పెద్దదైతే ఫోలిక్ ఆమ్లం, బి 12 లోపాల వైపు వైద్యుని ఆలోచన సాగుతుంది. నిల్వ ఇనుమును ఫెరిటిన్ పరీక్ష చెబుతుంది. తరువాత ఏది చూడాలో ఆయన నిర్ణయిస్తారు. మీరు దాచకుండా చెప్పవలసినవి ఇవి: వాడుతున్న ప్రతి మాత్ర, నాటుమందుతో సహా, మలం రంగు, మొలల బాధ, నెలసరి తీరు, తగ్గిన బరువు, ఉపవాసాలు, ఇంట్లో మరెవరికైనా ఇటువంటి వ్యాధి ఉన్నదా అన్న సంగతి.

ఇనుము మాత్ర ఇస్తే సంకోచించక వేసుకోండి. దానిని నిందించడం నా ఉద్దేశం కాదు. నిమ్మ, ఉసిరి దాని గ్రహణానికి తోడ్పడతాయి. కాఫీ, టీలు అడ్డుపడతాయి కనుక గంటో రెండు గంటలో ఎడం పాటించండి. సుమారు నెలలో హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే మళ్ళీ వెళ్ళి ఎందుకని అడగండి. పెరిగాక కూడా నిల్వలు నిండేందుకు వైద్యుడు చెప్పినన్నాళ్ళు, సాధారణంగా మరో మూడు నెలలు, వాడాలి. తోటకూర, మునగాకు, నువ్వులు, రాగులు, పప్పులు భోజనంలో ఉండనీయండి. అయితే ఆహారం జమను పెంచుతుంది, ఖర్చును ఆపదు. ఆ తేడా మరువకండి.

వ్రతాలు ఆచరించేవారికి ఒక మాట. ఆర్తులకు, గర్భిణులకు, వృద్ధులకు మన ధర్మశాస్త్రం ఉపవాసంలో సడలింపులు ఇచ్చింది. రక్తం తగ్గినవారు పాలో పండో స్వీకరించి స్వామిని సేవించుకుంటే వ్రతభంగం కాదు.

ఒక విన్నపం

కొత్తపేట నుంచి వచ్చిన ఆ భక్తుడు చైత్రంలో మళ్ళీ కనిపించారు. రెండేళ్లుగా మొలల నుంచి రక్తం పోతున్నా సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పలేదట. వైద్యుడు మొలలతో సరిపెట్టక పెద్దపేగు కూడా చూశారనీ, అక్కడ మరేమీ లేదనీ చెప్పారు. ఇప్పుడు చికిత్సలో ఉన్నారు. వచ్చే మాఘానికి రక్తం ఇవ్వగలరో లేదో వైద్యుడే చెప్పాలి.

ఇది విన్న తరువాత మన ధర్మకర్తలకు ఒక విన్నపం చేశాను. శిబిరంలో రక్తం చాలదని వెనుకకు పంపే ప్రతి దాతకూ ఒక చీటీ ఇవ్వాలి. దాని మీద ఆ రోజు హిమోగ్లోబిన్ అంకె, దాని కింద ‘కారణం తెలుసుకోండి’ అన్న ఒక్క మాట, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పేరు ఉంటే చాలు. దాతలైన పాఠకులు ఆ చీటీల ముద్రణకు చేయి వేస్తే అదీ స్వామి సేవే. ఈ వ్యాసం చదివినవారు తమ ఇంట్లో పాలిపోయిన ముఖం ఒక్కటి ఉన్నదేమో ఈ రాత్రి దీపం వెలుగులో చూడండి. కంటి కిందిరెప్ప లాగి చూడండి. తెల్లగా ఉంటే దానిమ్మపండు కొనండి, తప్పులేదు. మరునాడు వైద్యుని వద్దకు మాత్రం తప్పక తీసుకువెళ్ళండి.

స్వస్తి.